పిన్నుల బాబాయి

పోయిన వారం మౌస్ కొనడానికి కొండాపూర్‌లో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. కౌంటర్ మీద ఒక క్యాబినెట్‌ని పక్క తలుపు తీసి పడుకోబెట్టి ఉంచారు. దాని యజమాని కాబోలు, ఒక కుర్రాడు లావుపాటి వైర్ల కట్టని పట్టుకుని మదర్‌బోర్డులోకి బలంగా నొక్కుతున్నాడు. షాపతను ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దూరకపోతే తిప్పి చూడు తమ్మీ. జోర్ పెట్టకు. జోర్ పెడితే అది కనెక్షన్ గాదు, కబ్జా."

మౌస్ సంగతి మర్చిపోయి నిలబడిపోయాను.

"ఈ మాట మీకెవరు చెప్పారండీ?" అని అడిగాను.

"ఎవరు చెప్పుడేంది మేడం? ఈడ అందరం గిట్లనే అంటం."

అంటే ఆ మాటకి ఇప్పుడు సొంతదారు లేడు. హద్దురాయి లేని స్థలం కనిపిస్తే అన్నం సయించని మనిషి, తన మాటని మాత్రం ఏ రిజిస్ట్రేషనూ లేకుండా ఊరిమీద వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన పోయి ఏడాది దాటింది. షాపు బయటికి వచ్చి, ఆటోలు హారన్లు కొడుతుంటే రోడ్డు పక్కన నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ మాట మొదట అన్నాయన మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండేవారు. కడప వైపు మనిషి. ప్లాట్లు అమ్మేవారు. కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక గది ఆయన ఆఫీసు. గోడల నిండా వెంచర్ల మ్యాపులు, బల్లమీద ఒక గ్లోబు, బల్లకింద విప్పేసిన కంప్యూటర్లు. నాది కాకినాడ. వరస కలపకుండా ఎవరితోనూ మాట్లాడలేని ఊరి నుంచి వచ్చాను కాబట్టి మొదటిరోజే ఆయన్ని బాబాయిగారూ అన్నాను, ఆయన భార్యని పిన్నీ అన్నాను. మా బిల్డింగులో బాబాయిలు ఇంకా ఉన్నారు. అందుకని పిల్లలు ఈయనకి గుర్తుగా 'పిన్నుల బాబాయి' అని పేరు పెట్టారు. పిన్ని మొగుడు బాబాయి కావడం ఎక్కడైనా ఉన్నదే. కంప్యూటర్ వైర్ల పిన్నుల వల్ల బాబాయి అయినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే.

ఎప్పుడూ తెల్ల చొక్కా. ఆ జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న స్క్రూడ్రైవర్. ప్లాటు చూడటానికి వచ్చిన వాళ్ళు దాన్ని పెన్ననుకుని సంతకానికి అడిగితే, ఆయన నిజంగానే తీసి ఇచ్చేవారు. వాళ్ళు తెల్లమొహం వేస్తే మురిసిపోయేవారు. కళ్ళజోడు నుదుటి మీదే ఉండేది. దగ్గరివి చూడాలన్నా దింపేవారు కాదు. పిన్నులు చూపుకి దొరికేవి కావనీ, వేలికి దొరుకుతాయనీ ఆయన నమ్మకం. వైరు కొసనుండే కనెక్టర్ చేతికి రాగానే కళ్ళు మూసుకుని బొటనవేలితో దాని అంచులు తడిమి, "క్లిప్పు ఈ పక్క" అనేవారు. తలుపు తట్టి ఇంట్లోకి వెళ్ళే మనిషిలాగా, దాన్ని సాకెట్ మీద ఆనించి ఒక్క క్షణం ఆగి, అప్పుడు నొక్కేవారు. టక్కుమంటేనే కూర్చున్నట్టు. టక్కుమనకపోతే ఆయనకి ఆ రోజంతా చిరాకే.

నాకాయన తగిలింది లిఫ్టులో.

నేను రాయదుర్గంలో ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. ఆఫీసు ల్యాప్‌టాప్ తప్ప ఇంకో యంత్రం ముట్టుకోవడం తెలియదు. ఆ ఏడాది సొంతంగా ఒక డెస్క్‌టాప్ కూర్చుకోవాలని బుద్ధి పుట్టింది. విడిభాగాలు తెప్పించి, వీడియోలు చూసి, రెండు శనివారాలు నేలమీద కూర్చుని బిగించాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, రంగు దీపాలు వెలిగాయి. తెర మీద మాత్రం చీకటి. ఎన్నిసార్లు వేసినా అంతే. ఏడుపొక్కటే తక్కువ. చివరికి క్యాబినెట్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని షాపుకి బయల్దేరాను.

లిఫ్టులో ఆయన ఉన్నారు.

"యాడికి పాపా దాన్ని మోసుకోని పోతాండావు?"

"షాపుకండీ. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, బొమ్మ మాత్రం రావట్లేదు. మానిటర్ పోయిందేమో చూపిద్దామని."

"మానిటర్ పోతే మానిటర్ మోయల్ల గానీ, దీన్నెందుకు మోస్తాండావు?"

గ్రౌండ్ ఫ్లోర్ రాగానే ఆయన క్యాబినెట్‌ని నా చేతుల్లోంచి లాక్కుని నేరుగా ఆఫీసుగదిలోకి నడిచారు. అక్కడ భార్యాభర్తలిద్దరు ప్లాటు బేరానికి వచ్చి కూర్చుని ఉన్నారు. "రవంత సేపు, రవంత సేపు" అని వాళ్ళ ముందున్న మ్యాపుని పక్కకి జరిపి, దానిమీదే నా క్యాబినెట్ పడుకోబెట్టారు. తలుపు తీసి లోపలికి చూశారు. చూసి, మోకాలి మీద చరుచుకున్నారు.

"మెయిన్ రోడ్డు బెమ్మాండంగా ఏసినావు పాపా. ఇంటికి దారి ఇయ్యలేదు."

ఏమీ అర్థం కాలేదు. ఆయన స్క్రూడ్రైవర్ కొసతో చూపించారు. బోర్డు కుడి అంచున పొడుగ్గా, రెండు వరసల్లో కూర్చున్న పెద్ద కనెక్టర్ నేను పెట్టిందే. "ఇది ఇరవై నాలుగు పిన్నులది. బోర్డుకంతా కరెంటు దీంట్లోనే వస్తాది. మెయిన్ రోడ్డు ఇది. సరే. ఇప్పుడు ఇక్కడ సూడు." స్క్రూడ్రైవర్ బోర్డు పైమూలకి వెళ్ళింది. ప్రాసెసర్‌కి పక్కనే, ఫ్యాను నీడలో, ఖాళీగా ఒక ఎనిమిది రంధ్రాల సాకెట్ ఉంది. "ఇది దొరగారి ఇల్లు. ఈయప్పకు మెయిన్ రోడ్డు కరెంటు సాలదు. సొంతంగా ఒక లైను గుంజియ్యల్ల. అది ఇయ్యకపోతే ఫ్యాన్లు తిరగతాయి, దీపాలు వెలగతాయి, ఊరంతా తిరునాళ్ళ మాదిరి ఉంటాది. దొర మాత్రం నిద్ర లెయ్యడు."

"ఓ, అంతేనా!" అని కరెంటు సప్లై డబ్బాలోంచి వేలాడుతున్న వైర్లలో ఎనిమిది పిన్నులున్న కనెక్టర్ ఒకటి వెతికి పట్టుకుని అక్కడ పెట్టబోయాను. అది సరిగ్గా దిగలేదు. ఇంకాస్త నొక్కాను.

"ఆగు!"

ఆ కేకకి బేరానికొచ్చిన ఆయన కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎనిమిదికి ఎనిమిది సరిపోయింది కదండీ?"

"ఈడు జోడు సరిపోతే సంబంధం కుదిరినట్టేనా? గోత్రం సూడొద్దా?" అని ఆ కనెక్టర్‌ని నా చేతిలోంచి మెల్లగా విడిపించారు. దాన్ని రెండుగా విరిచి చూపించారు. ఆరు పిన్నుల ముక్క ఒకటి, రెండు పిన్నుల ముక్క ఒకటి. "ఇది గ్రాఫిక్ కార్డుది. ఆరూ రెండూ. మనకు కావల్సింది నాలుగూ నాలుగు." ఇంకో వైరు వెతికి తీశారు. అదీ ఎనిమిదే, కానీ మధ్యకి సమంగా విడింది. "రెండింట్లోనూ అదే కరెంటు. కానీ దాంట్లో పాజిటివ్ ఉండే పక్క దీంట్లో ఎర్త్ ఉంటాది. అట్లా తారుమారు కాకుండానే కంపెనీవోడు ఒక్కో రంధ్రానికి ఒక్కో ఆకారం ఇచ్చినాడు. కొన్ని సదరంగా ఉండాయి, కొన్నింటికి మూలలు గుండ్రంగా ఉండాయి. వేలు పెట్టి సూడు. సరైందైతే అదే పిలుస్తాది. పిలవని ఇంట్లోకి బలవంతంగా దూరితే అది కనెక్షన్ కాదు పాపా, కబ్జా. కబ్జా సేస్తే ఏమైతాది? కాలిపోతాది."

"ప్లాట్లూ అంతేనాండీ?" అని బేరానికొచ్చిన ఆవిడ నవ్వుతూ అడిగింది.

"ప్లాటైతే కోర్టుకు పోతారమ్మా. ఇది నేరుగా కాటికి పోతాది."

నాలుగూ నాలుగుని నా చేతికే ఇచ్చారు. తడిమాను. క్లిప్పు పైకి ఉండేలా తిప్పి ఆనించాను. నిజంగానే జారి దిగింది. టక్కుమంది. ఆయన మానిటర్ తగిలించి, స్విచ్ నన్నే వెయ్యమన్నారు. తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి.

ఆ తరువాత ఆ గదిలో జరిగినదాన్ని ఉత్సవం అనాలి. ఆయన తలుపు తెరిచి వాచ్‌మన్‌ని పిలిచారు, ఇస్త్రీ బండి అతన్ని పిలిచారు, కూరలు కొనుక్కుని వస్తున్న రెండో అంతస్తు మామ్మగారిని చేతిసంచీతో సహా లోపలికి తీసుకొచ్చారు. "సూడండి సూడండి, కండ్లు తెరిచినాది!" మామ్మగారు తెరవైపు భక్తిగా చూసి, "ఎవరండీ, పాపాయా?" అన్నారు. ఆ నల్లటి తెరమీద ప్రాసెసర్ పేరు తప్ప ఏమీ లేదు. బేరానికొచ్చిన ఇద్దరూ ప్లాటు సంగతి మర్చిపోయి, తమ ఇంట్లో పాడైన కంప్యూటర్ ఎప్పుడు తీసుకురమ్మంటారని అడుగుతున్నారు.

అలా వచ్చిన కంప్యూటర్లతో ఆయన బల్లకింద కాళ్ళు పెట్టుకునే చోటు కూడా లేకుండా పోయింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వీడియోలు చూసేవారు, అదీ గొంతు పూర్తిగా ఆపేసి. "మాట్లాడేటోడు తప్పు సెప్పొచ్చు పాపా, సేతులు అబద్ధం సెప్పవు" అనేవారు. ఏ భాష వీడియో అయినా ఆయనకి ఒకటే. ఒకసారి తెరమీద జపాను మనిషి చేతులు కదులుతుంటే, ఈయన చేతులు గాలిలో అవే పనులు చేస్తున్నాయి. ఎదురుగా కూర్చున్న కస్టమర్ ఏదో పూజ అనుకుని చెప్పులు విప్పి కూర్చున్నాడు.

ఆయన పిచ్చికి మూల్యం చెల్లించింది పిన్ని జుట్టు. సప్లై డబ్బా బతికుందో లేదో చూడటానికి ఆయనకి ఒక పద్ధతి ఉండేది. పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. ఆ రంధ్రంలో ఒక కాలు, పక్కనున్న నల్లవైరు రంధ్రంలో ఒక కాలు పెట్టి తీగ ముక్క గుచ్చితే, స్విచ్ నొక్కినట్టు లెక్క. డబ్బా బాగుంటే దాని ఫ్యాను తిరుగుతుంది. దానికి ఆయన వాడే తీగ పిన్ని తలపిన్ను. పైన నల్లరంగు ఉంటే కరెంటు పారదని దాన్ని బ్లేడుతో గీకి తెల్లగా చేసేవారు.

"ఈ మనిషి సంసారంల నా జుట్టు నిలవదు" అనేది పిన్ని. "పెండ్లికి పోదామని ముడి ఏస్కుంటే ఒక్క పిన్నూ ఉండదు. అడిగితే, డబ్బాకు పానం ఉందో లేదో సూసినా అంటాడు. నా పానం ఎవురు సూడల్ల?"

ఆయన తప్పులూ చేశారు. చేసి, వాటిని పండగలాగా చెప్పుకున్నారు. సొంత కంప్యూటర్‌లో, వైర్లు విడిగా ఊడొచ్చే రకం సప్లై డబ్బా మార్చినప్పుడు, పాత డబ్బా వైర్లు లోపల చక్కగా సర్ది ఉన్నాయి కదా, మళ్ళీ ఎందుకు పీకడమని, వాటినే కొత్త డబ్బాకి తగిలించారట. సరిగ్గానే పట్టాయట. స్విచ్ వెయ్యగానే పొగ. హార్డ్‌డిస్క్ చచ్చిపోయింది. అందులో వాళ్ళ గృహప్రవేశం వీడియో ఉంది. ఆ వారమంతా లిఫ్టులో ఎవరు ఎక్కినా, ఏ అంతస్తుకని అడగకముందే ఇదే మాట: "డిస్కు పక్క సూస్తే అన్ని కంపెనీలవీ ఒకటే మాదిరి. డబ్బా పక్క మాత్రం ఎవురి ఏర్పాటు వాళ్ళదే. డబ్బా మారిస్తే వైర్లు కూడా మార్చల్ల. నేను మార్చలే. తగలబెట్టినా." పాల ప్యాకెట్లు వేసే అమ్మాయికి కూడా చెప్పారు. ఆ అమ్మాయి "అవునా సార్, మంచిగైంది చెప్పిన్రు" అని వెళ్ళిపోయింది. గృహప్రవేశం వీడియో పోయినందుకు పిన్ని మాత్రం దేవుడికి దీపం పెట్టింది. ఆ రోజు చీర కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా పడ్డాయట. ఇన్నేళ్ళుగా వచ్చిన ప్రతి చుట్టానికీ ఆయన అదే చూపించేవారట.

ఇప్పుడు ఒక ఆదివారం గురించి చెప్పాలి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పెద్ద గది ఖాళీగా ఉండేది. అక్కడ నేనూ ఇంకో ఇద్దరూ కలిసి, చుట్టుపక్కల టవర్లలో హౌస్‌కీపింగ్‌కీ సెక్యూరిటీకీ వచ్చే ఆడవాళ్ళకి కంప్యూటర్ నేర్పేవాళ్ళం. ఒక ఆఫీసు ఫ్లోర్ ఖాళీ చేస్తూ తన పాత డెస్క్‌టాప్‌లు ఇచ్చింది. టైపింగ్, ఫారాలు నింపడం, పేర్లు వెతకడం, ఇంతే చదువు. స్వరూప అనే అమ్మాయి మియాపూర్ డిపో వెనక నుంచి డ్యూటీ ముగించుకుని మరీ వచ్చేది. కీబోర్డు మీద వేళ్ళు మొదట్లో కోడి గింజలు ఏరినట్టు ఆడేవి. తరువాత తరువాత కుదురుకున్నాయి. ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగాలున్నాయనీ, సోమవారం టైపింగ్ పరీక్ష పెడతారనీ తెలిసి, మా క్లాసు మొత్తం దరఖాస్తు పెట్టింది.

ఆ వారమే వాన. సెల్లార్‌లోకి నీళ్ళొచ్చాయి. ఎక్కువేం కాదు, జానెడు. కానీ క్యాబినెట్లు నేలమీద ఉన్నాయి, వాటిలో సప్లై డబ్బా అడుగునే ఉంటుంది. పైన బోర్డులు పొడిగా ఉన్నాయి, కింద డబ్బాలన్నీ మునిగిపోయాయి. బాబాయిగారు వచ్చి, వంగి, ఒక్కోదాని వాసన చూశారు. "తల బాగుండాది, కాళ్ళు పోయినాయి" అని తేల్చారు. అసోసియేషన్ వాళ్ళు కొత్త డబ్బాలు తెప్పించారు. ఆదివారం పొద్దున ఆయన కూర్చుని అన్నింటికీ బిగిస్తే, సాయంత్రందాకా ఆడవాళ్ళు సాధన చేసుకోవచ్చు. అదీ ఏర్పాటు.

గురువారం ఆయన శంకర్‌పల్లి వైపు ఒక ప్లాటు హద్దులు కొలుస్తూ వెనక్కి నడిచి నడిచి గుంతలో పడ్డారు. కుడిచెయ్యి విరిగింది.

ఆదివారం పొద్దున్నే కట్టుకట్టిన చెయ్యి మెళ్ళో వేలాడదీసుకుని సెల్లార్‌లో ప్రత్యక్షమయ్యారు. నా ప్రాణం లేచొచ్చింది. స్వరూప కుర్చీ వేసింది.

"సార్, చెయ్యి గిట్లుంటే ఎట్ల జేస్తరు? రేపు పరీక్ష ఉంది. నాకైతే మస్తు పరేషాన్ అయితుంది."

"సేసేది నేను కాదు తల్లీ. మీరు. నేను సెప్తాండా, మీరు పెట్టండి."

మొదలైంది. ఆయన చెప్పడమూ మేము పెట్టడమూ. ఇరవై నాలుగు పిన్నులది తేలిగ్గానే కూర్చుంది. చిక్కంతా దొరగారి ఇంటి దగ్గరే వచ్చింది. పాత ఆఫీసు క్యాబినెట్లు ఇరుకు. ప్రాసెసర్ ఫ్యానుకీ ఇనప గోడకీ మధ్య సందులో చెయ్యి పట్టదు. నా చెయ్యి మణికట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. స్వరూప చెయ్యి అంతే. కనెక్టర్‌ని వేలికొసలతో పట్టుకుని దింపబోతే జారిపోతోంది. పక్కన నిలబడి ఆయన ఉండబట్టలేకపోతున్నారు.

"ఎడమకు! ఎడమకు పాపా! నీ ఎడమ కాదు, బోర్డు ఎడమ! క్లిప్పు పైకి! అయ్యో, పైకంటే ఆకాశం పక్క కాదు!"

అప్పుడే పిన్ని మరమరాల ఉగ్గాని, బజ్జీలు స్టీలు క్యారియర్‌లో పట్టుకుని మెట్లు దిగింది. ఒక నిమిషం చూసింది. రెండో నిమిషం చూడలేకపోయింది.

"నీకు సెయ్యి ఇరిగింది గానీ నోరు ఇరగలేదు. పాపం, పిల్లోళ్ళ పానం తీస్తాండావు" అని క్యారియర్ కిందపెట్టి, "జరగమ్మా నువ్వు" అని నన్ను తప్పించి క్యాబినెట్ ముందు కూర్చుంది.

"నీకేం తెల్సు మే దీని గురించి?"

"ముప్పై ఏండ్లు రైకలకు హుక్కులు కుట్టినాను. కనపడని సోట గుచ్చేది నాకు నువ్వు నేర్పుతావా?"

నిజమే. పిన్ని వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉంటాయి. చెయ్యి సందులోకి పెట్టబోయింది.

"గాజులు! బంగారు గాజులు తియ్యి! బోర్డు గీసుకుంటాది" అని ఆయన అరిచారు.

పిన్ని గాజులు తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసింది. బల్లల మీదంతా స్క్రూలూ వైర్లూ. ఆయన బాగున్న ఎడమచెయ్యి చాపారు. పిన్ని ఒకటొకటిగా గాజులు ఆ చేతికి తొడిగింది. అంత లావు చేతికి అవి సగం దాకా ఎక్కి నిలిచిపోయాయి. మా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పిన్ని చెయ్యి లోపలికి పోయింది. కళ్ళు పైకప్పు వైపు చూస్తున్నాయి. బొటనవేలు ఏదో తడుముతున్నట్టు మోచెయ్యి కొద్దిగా కదిలింది.

"మే, అది నాలుగూ నాలుగేనా—"

"రవంత నోరు ముయ్యి."

టక్కుమంది.

బాబాయిగారు నోరు మూసిన తీరు నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. ఆవిడ చెయ్యి బయటికి తీసి, కొంగుకి తుడుచుకుని, "ఇంకోటి యాడుండాది?" అంది.

ఆ పూటంతా అలా సాగింది. ఒక్కో క్యాబినెట్ ముందుకి పిన్ని జరగడం, వెనకే గాజుల చేత్తో ఈయన జరగడం. మేము డబ్బాలు బిగించి పెద్ద కనెక్టర్లు పెడుతుంటే, ఆవిడ మూలల్లోవి పెడుతోంది. కాసేపటికి అరుపులు తగ్గాయి. "ఇదేందో సన్నంగా ఉండాది?" అని ఆవిడ అడిగితే, "అది డిస్కుది. ఒక కొస వంకర తిరిగి ఉంటాది సూడు" అని ఆయన మెల్లగా చెప్పడం విన్నాను. ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు, ఆయన ఒక్క మాట నెమ్మదిగా చెప్పలేదు. నేలమీద పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరినీ చూస్తే, కొత్తగా పెళ్ళయిన వాళ్ళు ఏదో ఆట ఆడుకుంటున్నట్టు ఉంది.

చివర్లో ఒక క్యాబినెట్ మొరాయించింది. దాని బోర్డు మీద పొడుగు సాకెట్టే లేదు. ఆ చోట చిన్నది, ఆరు పిన్నులది ఉంది. ఇరవై నాలుగు తెచ్చి ఎక్కడ పెట్టాలి? అందరం ఆయనవైపు చూశాం. ఆయన వంగి చూసి, గాజులు గలగలమనేలా తల గోక్కున్నారు.

"ఇది ఆ కంపెనీవోడు సొంతంగా సేసుకున్న సాకెట్టు. బజారు డబ్బా దీనికి పట్టదు. మధ్యలో ఒక ముక్క వైరు దొరుకుతాదంట. నేను ఎప్పుడూ పెట్టలే. నాకు తెల్దు."

తెలియదన్న మాట కూడా ఆయన నోట్లో ఏదో శుభవార్తలాగే వినిపించింది. ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టేశాం. మిగతావన్నీ మధ్యాహ్నం భోజనాల వేళకల్లా కళ్ళు తెరిచాయి. స్వరూప మొదటి కుర్చీలో కూర్చుంది. సాయంత్రందాకా సెల్లార్‌లో టకటకమని కీబోర్డుల చప్పుడే.

బాబాయిగారూ పిన్నీ పైకి బయల్దేరేటప్పుడు గాజులు ఆయన చేతికి పట్టేసి రాలేదు. సబ్బు పెట్టినా రాలేదు. ఆయన అలాగే నడుచుకుంటూ లిఫ్టెక్కారు. లోపల అసోసియేషన్ సెక్రటరీ ఉన్నాడు. ఆ చేతివంక చూసి చూపు తిప్పుకున్నాడు. ఈయనే చెప్పారు: "ఈరోజు సీతమ్మోరు యుద్ధం సేసింది సార్. రాములోరు గాజులు మోసినాడు."

సోమవారం పరీక్షకి వెళ్ళినవాళ్ళలో అందరికీ ఉద్యోగం రాలేదు. స్వరూపకి వచ్చింది. ఇంకొకామెకి వచ్చింది. ఇద్దరూ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి, ఆఫీసుగదిలో ఆయన ముందునుంచి నేరుగా నడిచి, లోపల కూర్చున్న పిన్ని చేతిలో పెట్టారు. ఆయన చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. తరువాత ఆ చేత్తోనే డబ్బాలోంచి లడ్డూ దొంగిలించారు. అప్పటినుంచి ఎవరైనా కంప్యూటర్ తెస్తే, "మా ఇంజనీరమ్మ పైన ఉండాది, పిలుస్తా" అనేవారు. పిన్ని విసుక్కుంటూనే దిగి వచ్చేది. తలపిన్నుల డబ్బా కూడా తెచ్చుకునేది. వాటి రంగు ఇంట్లోనే గీకేసి ఉండేది.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. ఆ రోజు నేను ఇంటినుంచే పని చేస్తున్నాను. పిన్నీ నేనూ కారులో ఆయన్ని ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళాం, దగ్గరలో ఉన్నది అదే. చక్రాల కుర్చీ తోసుకుంటూ కౌంటర్ దగ్గరికి వెళ్తే, అటువైపు నీలంచీరలో స్వరూప. ఆయన్ని చూసి ఒక్కసారి బిత్తరపోయింది, వెంటనే తేరుకుంది. ఒక చేత్తో ఫోన్ ఎత్తి లోపలికి చెప్తోంది, ఇంకో చెయ్యి కీబోర్డు మీద పరిగెడుతోంది.

"పేరు..." అని నేను మొదలుపెట్టాను.

"పేరు నాకు తెల్వదా అక్కా? ఫికర్ చెయ్యకుండ్రి. లోపటికి తోలుకపోతున్రు."

ఆయనకి చెమటలు పడుతున్నాయి. ఊపిరి పీల్చడమే కష్టంగా ఉంది. అయినా కుర్చీలోంచి కాస్త లేచి కౌంటర్ మీదుగా ఆ వేళ్ళకేసి చూశారు. నావైపు తిరిగి, "సూడు పాపా, కీబోర్డు దిక్కు సూడకనే కొడ్తాంది" అన్నారు. అంతలో ఆయన్ని లోపలికి తీసుకెళ్ళిపోయారు.

సకాలంలో తెచ్చారన్నారు డాక్టర్లు. స్టెంట్ వేశారు. ఆసారికి గండం గడిచింది. రెండోరోజు వార్డుకి మార్చగానే ఆయనకి మాట్లాడొద్దని చెప్పారు. ఆయన మాట్లాడారు. బీపీ చూడటానికి వచ్చిన ప్రతి నర్సుకీ చెప్పారు. "కింద కౌంటర్ కాడ నీలంచీర పిల్ల ఉండాదే, ఆ పిల్ల కంప్యూటర్‌కి వైర్లు పెట్టింది మా ఇంటామె."

పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. "ఆ కంప్యూటర్ కాదు తల్లీ, అది మా సెల్లార్‌ది. ఈ మనిషి అన్నీ కలిపి సెప్తాడు."

"ఏ కంప్యూటర్ అయితే ఏం మే?" అన్నారాయన, దిండుమీద నుంచి తల కొంచెం ఎత్తి. "వైరు పెట్టింది నువ్వు. కొట్టింది ఆ పిల్ల. మధ్యలో నా గుండె బాగైంది. సాలదా?"

ఎక్కువ మాట్లాడొద్దంది కదా నర్సమ్మ అని పిన్ని ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి వెనక నుంచి ఆయన నవ్వుతూనే ఉన్నారు. నర్సు కూడా బీపీ పట్టీ చుట్టడం ఆపి, ముందు మీ నవ్వు అయిపోనివ్వండి అని మంచం పక్కన నిలబడింది.